దోమల బ్యాటుకు టీకా తాత్పర్యం

మూలం:

"అబ్బయా! బ్యాటు ఛార్జింగు పెట్టినావా? గాలి నిలబడిపొయ్యింది, తలుపులు మూసెయ్. ఒరే కదలబాక, నీ వీపు మీద వాలింది!"

అవతారిక:

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఒకానొక ఇంట, దీపాలు పెట్టే వేళ, వసారాలో నులకమంచం మీద కూర్చున్న తల్లి కొడుకును ఉద్దేశించి పలికిన వాక్యమిది. కొడుక్కి నలభై దాటాయి. రొయ్యల గుంట దగ్గర్నుంచి అప్పుడే వచ్చి, చొక్కా విప్పి, ఫోను చూసుకుంటూ గడపలో కూర్చున్నాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ పూర్వపు వ్యాఖ్యాత మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత అటువంటి ఒట్టేదీ పెట్టుకోలేదు.

మూలం పద్యం కాదు గదా, దీనికి టీక ఏమిటని కొందరు ముక్కు విరుస్తారు. నెల్లూరి తిక్కన సోమయాజి ఒక్క వచనమైనా లేకుండా నిర్వచనోత్తర రామాయణం రాశాడు. భారతానికి వచ్చేసరికి వచనాన్ని మళ్లీ చేరదీశాడు. కారణం పండితులు రకరకాలుగా చెబుతారు. పెన్న ఒడ్డున సాయంత్రం పూట కూర్చుని రాసినవాడికి మధ్యమధ్య యతిప్రాసలు వదిలేసి వీపు గోక్కోవలసిన అవసరం ఉంటుందని నా మతం. ఇక "కదలబాక" గ్రామ్యం కాదా అంటారా? పాత్రోచిత భాష ఉండాలని వేదం వెంకటరాయశాస్త్రి గారు 1897 నాటి ప్రతాపరుద్రీయంలోనే తేల్చేశారు. నెల్లూరి నోట "కదలవలదు" అని పెడితే దోమ కూడా నవ్వుతుంది.

ప్రతిపదార్థం:

అబ్బయా = ఓ కుమారా; బ్యాటు = మూడు వరుసల తీగవల, ప్లాస్టిక్ పిడి గల ఆయుధానికి; ఛార్జింగు = మంత్రశక్తిని; పెట్టినావా = ఆవాహన చేసితివా; గాలి = సముద్రపు గాలి; నిలబడిపొయ్యింది = ఆగినది; తలుపులు = రెండు రెక్కలును, (వంటింటి తలుపు కూడా అని భావం); మూసెయ్ = బంధింపుము; ఒరే = ఇంతవరకు లేని ఆగ్రహం కలిగెననుటకు గుర్తు; కదలబాక = చలింపకుము; నీ వీపు మీద = నీ పృష్ఠభాగమున; వాలింది = దిగినది. కర్త చెప్పలేదు. నెల్లూరు జిల్లాలో చెప్పనక్కర్లేదు.

తాత్పర్యం:

నాయనా, ఆయుధం సిద్ధంగా ఉందో లేదో నాకు తెలియదు గానీ, శత్రువు మాత్రం వచ్చేశాడు.

విశేషాలు:

"శత్రువు వచ్చేశాడు" అని పుంలింగం వాడటం పొరపాటు. కుట్టేది ఆడదోమ ఒక్కటే. గుడ్లు పెట్టడానికి దానికి నెత్తురు కావాలి. మగదోమ పూలలో తేనె తాగి బతికే సాధుజీవి. ఇక్కడ ధర్మసందేహం పుడుతుంది: స్త్రీ మీద అస్త్రం ఎత్తవచ్చునా? ఈ సందేహం బాలకాండలోనే వచ్చింది. తాటక ముందు రాముడు తటపటాయిస్తే, జనానికి హాని చేసేదాని విషయంలో ఆడా మగా చూడనక్కర్లేదని విశ్వామిత్రుడు నచ్చజెప్పాడు. తాటక పడిన తర్వాతనే దివ్యాస్త్రాలన్నీ రాముడికి ఉపదేశించాడు. అంటే రామాయణంలో అస్త్రాల అధ్యాయం మొదలయ్యేదే ఇటువంటి సంహారంతో. తాటక ఒక్క ప్రాంతానికే చేటు. దోమ సంగతి అలా కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి, అందులో మలేరియా పురుగు ఉందని కనిపెట్టాడు.

శంక: అస్త్రమంటే మంత్రంతో విసిరేది గదా. చేతిలోంచి వదలని బ్యాటు అస్త్రమెట్లా అవుతుంది? శస్త్రం అనాలి గదా?

సమాధానం: అగ్నిపురాణం ఆయుధాలను యంత్రంతో వదిలేవి, చేత్తో విసిరేవి, విసిరి మళ్లీ తెచ్చుకునేవి, చేతిలోనే ఉండేవి అని విడదీసింది. బ్యాటు పిడి చేతిలోనే ఉంటుంది కాబట్టి కత్తి వంటిది. కానీ నాలుగు వోల్టుల దరిదాపు బ్యాటరీని లోపలి సర్క్యూట్ వెయ్యికి పైగా వోల్టులకు పెంచి వలకు ఎక్కిస్తుంది. దోమ రెండు తీగల మధ్యకు రాగానే నిప్పురవ్వ వదులుతుంది. కాబట్టి యంత్రముక్తం. ఇంద్రుడి వజ్రానికి ఇదే పద్ధతి, ఒళ్లు మాత్రం చిన్నది. చెప్పు విసిరితే అది చేత్తో విసిరేది, విసనకర్ర తీసుకుని తోలితే చేతిలో ఉండేది. విసిరి మళ్లీ తెచ్చుకునే జాతి తువ్వాలు. అది ప్రతిసారీ ఫ్యాను మీదనే పడుతుంది.

ఇంత చిన్న ప్రాణి మీద ఇంత అస్త్రమా అని నవ్వేవాళ్లకు కాకాసుర వృత్తాంతం చూపిస్తాను. కాకి వచ్చి సీతమ్మను పొడిచింది, నెత్తురు వచ్చింది, నిద్రపోతున్న రాముడు లేచాడు. లేచి విల్లు వెతకలేదు. దర్భపోచ తీసి బ్రహ్మాస్త్రం ఆవాహన చేసి వదిలాడు. కాకి మూడు లోకాలూ తిరిగి చివరకు ఆయన కాళ్ల మీదే పడింది. ఒక కన్ను ఇచ్చి బతికింది. గడ్డిపోచే బ్రహ్మాస్త్రమైన చోట పచ్చరంగు ప్లాస్టిక్ బ్యాటు కాకపోవడానికి కారణం కనపడదు. అస్త్రమన్నది వస్తువులో లేదు, ఎక్కించిన దాంట్లో ఉంది. "ఛార్జింగు పెట్టినావా" అని తల్లి మొదట అడిగింది అందుకే. బ్యాటు ఎక్కడుందని ఆమె అడగలేదని గమనించాలి.

ఛార్జింగు పెట్టే విధానం: పిడి అడుగున బొటనవేలితో నొక్కి జరిపితే రెండు పిన్నులు బయటికి వస్తాయి. వాటిని గోడకున్న ప్లగ్గులో గుచ్చితే ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ ప్లగ్గులో అప్పటికే ఎవరిదో ఫోను ఉంటుంది. ఫోను తీసి బ్యాటు పెట్టాలా, బ్యాటు తీసి ఫోను పెట్టాలా అన్న చోటనే ఈ తీరంలో ఎన్నో కుటుంబాల్లో భారతం నడుస్తున్నది. కర్ణుడికి ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారికే పనికివచ్చేది, అది కాస్తా ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. అర్జునుడు ఎదురొచ్చేసరికి కర్ణుడి దగ్గర అది లేదు. మధ్యాహ్నం పిల్లలు ఈగల మీద బ్యాటు వాడి పారేయడం ఆ ఘట్టమే.

"గాలి నిలబడిపొయ్యింది" అన్న మాట ఊరికే వర్ణన కోసం పడలేదు. పగలంతా సముద్రం మీది గాలి ఊళ్లోకి కొడుతుంది. పొద్దుగూకాక అది తగ్గి, నేల మీది గాలి ఇంకా ఎత్తుకోని సందు ఒకటుంది. దోమకు రెక్కబలం తక్కువ, ఎదురుగాలిలో నిలవలేదు. సహజమైన వాయవ్యాస్త్రం ఆగిన క్షణంలో, వరిమడి గట్లలోంచి, బకింగ్‌హాం కాలువ ఒడ్డు తుప్పల్లోంచి, మురిక్కాలవల్లోంచి సేన కదులుతుంది. ఈ తల్లి గాలిని చూసి గడియారం చెప్పగలదు. ఫ్యాను వేసుకోవచ్చుగా అంటే, మూలంలో కరెంటు ప్రస్తావన లేదు. లేకపోవడమే ప్రస్తావన.

పంచాయతీ వాళ్లు వీధిలోకి తెచ్చే పొగబండి విషయం వేరు, అది సమ్మోహనాస్త్రం. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు దాన్ని వదిలితే కౌరవసేన యావత్తూ సొమ్మసిల్లింది. భీష్ముడు ఒక్కడే పడలేదు, దానికి విరుగుడు ఆయనకు తెలుసు. ఉత్తరుడు పడిపోయినవాళ్ల వస్త్రాలు లాక్కుంటూ ఆయన పక్కకు పోలేదు. పొగబండి పోయిన అరగంటకు వచ్చి చెవి దగ్గర పాడే దోమ ఆ పితామహుడి సంతతి. ఈ సమ్మోహన ఘట్టాన్నీ, కురుక్షేత్రంలో అస్త్రాలన్నింటినీ తెలుగు చేసింది ఇక్కడి తిక్కనే. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలూ ఆయనవి. అందుచేత అస్త్రాల విషయంలో నెల్లూరు మాట నెగ్గాలి.

దివ్యాస్త్రాలతో అసలు చిక్కు వదలడంలో లేదు, వెనక్కి పిలవడంలో ఉంది. అర్జునుడు బ్రహ్మశిరాన్ని ఉపసంహరించగలిగాడు. అశ్వత్థామ చేతగాక తనదాన్ని ఉత్తర గర్భం మీదికి మళ్లించాడు. బ్యాటులోనూ ఇదే దోషం. స్విచ్చి ఆపినా లోపలి కెపాసిటర్‌లో శక్తి కాసేపు మిగులుతుంది. దోమ అతుక్కుందేమోనని వేలితో వలను కెలికినవాడికి "చుర్రు" మంటుంది. విశ్వామిత్రుడు అస్త్రాలతో పాటు సంహార మంత్రాలు కూడా విడిగా చెప్పాడంటే ముందుచూపు. బ్యాటు పెట్టె మీద కూడా హెచ్చరిక ఉంటుంది గానీ పెట్టెను కొన్న రోజే పొయ్యిలో వేస్తారు.

ఇక "కదలబాక" అన్నది. ఈ ఒక్క మాట కోసమే ఈ వాక్యం బతుకుతుందని నేననుకుంటున్నాను. ద్రోణుడు పడ్డాక అశ్వత్థామ నారాయణాస్త్రం వేశాడు. ఎదిరించే కొద్దీ అది పెరుగుతుంది. ఆయుధాలు పారేసి, రథాలు దిగి, ఊరుకుంటే వదిలేస్తుంది. అందరూ దిగారు, భీముడు దిగలేదు. కృష్ణార్జునులు పరుగెత్తుకెళ్లి ఆయన్ని రథం మీంచి కిందికి లాగారు. నెల్లూరు దోమల విషయంలోనూ చేతులు ఆడించే కొద్దీ వీపు, మెడ, కాళ్లు అన్నీ దొరుకుతాయి. అందుకే దోమతెర. బ్యాటు కింద పెట్టి, తెర అంచులు పరుపు కింద దోపి, నోరు మూసుకుని పడుకోవాలి. ఈ కొడుకు మటుకు భీముడి గోత్రం. తెరలో ఉక్కగా ఉందని బయటే పడుకుంటానంటాడు.

శంక: ఉపమేయమైన దోమ వీపు మీద ఉండగా తల్లి దగ్గర బ్యాటు లేదు. మరి ఆమె దేనితో కొట్టింది?

సమాధానం: మూలం అక్కడితో ఆగింది. అయితే "వాలింది" తర్వాత "టప్" అనే ధ్వనిని కొందరు చదువుతారు. అది నిప్పురవ్వ ధ్వనే అని ఒక వాదం. నిప్పురవ్వ అయితే కాలిన వాసన కూడా చెప్పి ఉండేవారు. పైగా మరో ప్రతిలో ఆ ధ్వని వెంటనే "అమ్మా!" అని కొడుకు నోట, తర్వాత "తప్పించుకుంది ఫో, ఛార్జింగు పెట్టమని పొద్దున్నుంచి మొత్తుకుంటా ఉండా" అని తల్లి నోట అధికపాఠం దొరుకుతున్నది. అదే సాధుపాఠం. మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.