సన్నబడే వదిన

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి గనుక అక్కడి కలెక్టరేట్ల పుట్టినరోజు ఎవరైనా చెప్పగలరుగాని, ఆ మూడు పట్టణాల్లోనూ వాడకట్టుకొకరు చొప్పున కనిపించే సన్నబడే వదిన ఎప్పుడు అవతరించిందో తేల్చడం కష్టం. వయసు ముప్పై అయిదుకూ యాభైకీ నడుమ ఉండి, బరువు తగ్గే మార్గాలన్నీ ఎరిగి, వాటిని అడిగినవారికీ అడగనివారికీ చెప్పి, ఏ ఒక్కదాన్నీ చివరిదాకా సాగించకుండా, అలాగని దేన్నీ పూర్తిగా వదిలిపెట్టకుండా, ఏళ్ల తరబడి అదే పనిలో ఉండే గృహిణిని ఈ పేరుతో గుర్తించవచ్చు.

ఆమె వంటింటి అరలను కిందినుంచి పైకి చూస్తూ వెళితే తెలుగువారి ఆరోగ్యోద్యమాల చరిత్ర వరుసగా దొరుకుతుంది. అట్టడుగున ఉన్నది మంతెన సత్యనారాయణ రాజు ప్రకృతి వైద్యపు కాలం, అనగా ఉప్పూ నూనే లేని వంట నడిచిన కాలం. ఉప్పులేని చారును ఇంటాయన ఒక్క ముద్దతోనే పక్కకు నెట్టడంతో ఆయనకోసం పోపు పెట్టిన చారు మరొకటి కాచవలసి వచ్చింది, రెండూ మిగిలిన రాత్రి రెంటినీ ఆమే పూర్తిచేయవలసి వచ్చింది. దాని పై అరలో 2017, 2018 ప్రాంతాల్లో రెండు తెలుగు రాష్ట్రాలనూ ఊపేసిన వీరమాచనేని రామకృష్ణ ఆహార విధానం కొబ్బరినూనె డబ్బా రూపంలో నిలిచి ఉంది. అది తలకు రాసుకునేది కాదని ఇంటిల్లిపాదికీ తెలియడానికి దానిమీద పెన్నుతో ‘కూరకు’ అని రాసిన కాగితం అంటించి ఉంటుంది. అన్నం, రొట్టె, పప్పు, పండ్లు పక్కనపెట్టి రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయల రసం, నాలుగు లీటర్ల నీళ్లు తీసుకొమ్మనే ఆ విధానంలో మొదటి వారం బరువు చకచకా దిగుతుంది. శరీరం పిండిపదార్థాన్ని గ్లైకోజన్ అనే నిల్వగా కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకుంటుందనీ, ఆ నిల్వ గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుందనీ, తొలి వారం పోయేది ఎక్కువగా ఆ నీరేననీ శాస్త్రం చెబుతుందిగాని, “మస్తు బక్కగైనవ్ వదినా” అని పక్కింటావిడ అన్నాక శాస్త్రం మాట ఎవరు వింటారు? మరుసటి వారం మేనమరదలి పెళ్లిలో బగారన్నం తినగానే పోయిన నీరంతా చెప్పాపెట్టకుండా తిరిగివచ్చింది. అన్నిటికన్నా పై అర ఖాదర్ వలి చెప్పే సిరిధాన్యాలది. కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు అనే ఈ అయిదింటికి, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడంతో, అంతర్జాతీయ గౌరవం కూడా అబ్బింది. వదిన కొర్రన్నం నిష్ఠగానే తింటుంది. చివర నాలుగు ముద్దల పెరుగన్నం పడకపోతే మాత్రం తిన్నట్టే ఉండదు.

ఆమె పద్ధతి మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది. ఆమెకు కూడిక వచ్చుగాని తీసివేత రాదు. గ్రీన్ టీ మామూలు చాయకు బదులు రాదు, చాయకు ముందు వస్తుంది. తేనె, నిమ్మరసం కలిపిన వేడినీళ్లు ఉప్మాను ఆపవు, ఉప్మాకు ఆకలి పుట్టిస్తాయి. అయితే ఈ తప్పంతా ఆమెదే అనడం అన్యాయం. అందరికీ వడ్డించి చివర కూర్చునే మనిషికి కంచంలో పడేది ఆకలి నిర్ణయించినది కాదు, గిన్నెలు నిర్ణయించినది: అడుగున రెండు గరిటెల కూర, పిల్లవాడు సగం కొరికి వదిలిన గుడ్డు, రేపటికి పాడైపోయే పప్పు. ఇంట్లో మిగిలినదానికి ఫ్రిజ్జు తర్వాతి ఆశ్రయం వదినే.

నడక సంగతీ అంతే. వారానికి 150 నిమిషాలైనా ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కాని జనగామ వదిన పొద్దున్నే హైదరాబాద్ రైలెక్కే మనిషికి డబ్బా కట్టాలి, భూపాలపల్లి వదిన సింగరేణి మొదటి షిఫ్టుకు పోయే మనిషికి కట్టాలి, మహబూబాబాద్ వదిన సీజనులో మిర్చి మార్కెట్టుకు బయల్దేరే మనిషికి కట్టాలి. ఆ తర్వాత మిగిలిన అరగంటలో నలుగురు వదినలు కలిసి, మాట తెగకుండా ఉండేంత నెమ్మదిగా నడుస్తారు.

వైద్యుడు ఆమెకు బాడీ మాస్ ఇండెక్స్ చెబుతాడు. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె ఇది. 155 సెంటీమీటర్ల ఎత్తూ 72 కిలోల బరువూ ఉన్న వదినకు అది దాదాపు 30 వస్తుంది. భారతీయులకు 25 దాటితేనే స్థూలకాయంగా లెక్కిస్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 25కు చేరినవారు, దాటినవారు కలిపి 30 శాతం ఉన్నారని విన్నప్పుడు ఆమె దిగులుపడదు, తోడు దొరికిందనుకుంటుంది. “నాది థైరాయిడ్ ఒళ్లు” అన్నది ఆమె శాశ్వత వాదన. థైరాయిడ్ మందగిస్తే పెరిగేది సాధారణంగా అయిదు కిలోల లోపేనని వైద్యులంటారు. మిగతా కిలోలకు ఆమె ఇంకా కారణం వెతుకుతూనే ఉంది. 2025లో మౌంజారో, వెగోవీ అనే వారానికొక సూదిమందులు దేశంలోకి వచ్చాయనీ, అవి పేగుల్లో పుట్టే హార్మోన్ల పనిని అనుకరించి ఆకలిని తగ్గిస్తాయనీ, మానేస్తే బరువు చాలామటుకు తిరిగొస్తుందనీ, డాక్టరు చీటీ లేకుండా ముట్టకూడదనీ మేనల్లుడు వివరించినప్పుడు ఆమె అడిగిన సందేహం ఒక్కటే: “పండుగ వారం ఇడ్సిపెట్టొచ్చా?”

పండుగలు నిజంగానే ఆమెకు కష్టకాలం. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో అటుకుల రోజుంది, ముద్దపప్పు రోజుంది, నానబియ్యం రోజుంది, అట్ల రోజుంది, వెన్నముద్దల రోజుంది, ఆఖరున పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది వరుసగా నిలిచే సద్దుల రోజుంది. గౌరమ్మ అలిగి నైవేద్యం పుచ్చుకోని ఆరవ రోజొక్కటే డైటుకు అనుకూలమైన తిథి. ఆ రోజున వదిన ఉపవాసం గురించి గట్టిగా ప్రసంగించి, ఏడవనాటికి పిండి తడుపుతుంది.

ఇన్ని మార్గాలూ తిరిగాక ఆమె మేడారం మార్గం పట్టింది. రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరిగే అక్కడి జాతరలో సమ్మక్క సారలమ్మలకు సమర్పించే బెల్లాన్ని బంగారం అంటారు, మనిషి తన బరువుకు సరితూగే బెల్లం ఇవ్వడం నిలువెత్తు బంగారం. 2019లో ములుగు జిల్లా విడిపోయేదాకా మేడారం తన జిల్లాలోనే ఉండేదన్న చనువుతో భూపాలపల్లి వదిన, పది కిలోలు తగ్గితే నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కింది. తగ్గాక తూగితే తల్లికి పది కిలోలు తక్కువ చేసినట్టవుతుందా అన్న ధర్మసందేహం ఇంట్లో చాలా రోజులు నడిచింది; తగ్గనేలేదు గనుక మొక్కు బాకీ లేదని ఇంటాయన వాదించాడు. “తల్లి ముంగట లెక్కలు చెప్పొద్దు, మొక్కిననాడు ఎంతున్నవో అంత ఇయ్యాలె” అని అత్తమ్మ తీర్పు చెప్పింది. తక్కెడ ఒక పక్క వదిన, మరో పక్క 72 కిలోల బెల్లం సరిగ్గా తూగాయి. ప్రసాదంగా తెచ్చిన బంగారాన్ని వాడకట్టంతా పంచగా మిగిలిన గడ్డ స్టీలు డబ్బాలో ఉంది. ప్రసాదం పారేయరాదు గనుక చాయ తాగినప్పుడల్లా వదిన ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుంటుంది, ఏ డైటు చార్టులోనూ దాని పేరు లేదు గనుక లెక్కలో మాత్రం వేయదు.