గళ్ళ లుంగీలో జేపెగ్

మా బాబాయి షష్టిపూర్తికి ఫ్లెక్సీ వేయించే పని నా నెత్తిన పడింది. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. కంప్యూటర్ తెలిసినవాణ్ణని ఇంట్లో నాకో పేరుండేది లెండి.

బాబాయి ఫోటోని పిన్ని అంచులు కత్తిరించి వాట్సాప్‌లో అక్కకు పంపింది. అక్క ఒంటిరంగు కాస్త తేల్చి బావకిచ్చింది. బావ పూలదండ వేయబోతే పిన్ని కళ్ళెర్రజేసింది కాబట్టి పూల ఫ్రేముతో సరిపెట్టి నాకు పంపాడు. ఫ్లెక్సీ షాపు కుర్రాడు దాన్ని తెరమీద పెద్దది చేసి, "అన్నా, ఇది ఫోటోనా, బాత్రూం టైల్సా?" అన్నాడు.

జేపెగ్ చేసే పనే అది. ఫోటోల ఫైళ్ళను చిన్నవి చేసే 1992 నాటి పద్ధతి. బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్ళుగా కోసి, కంటికి పెద్దగా ఆనని వివరాలు పారేస్తుంది. ఒకసారైతే ఎవరికీ తెలియదు. మార్చి మార్చి సేవ్ చేస్తే మాత్రం తూర్పారబట్టిన ధాన్యాన్నే మళ్ళీ మళ్ళీ తూర్పారబట్టినట్టు, పొట్టు పోయాక గింజలూ ఎగిరిపోతాయి.

"ఒరిజినల్ డాక్యుమెంటుగా పంపమను అన్నా, అలాగైతే వాట్సాప్ దాన్ని నలపదు."

ఒరిజినల్ని పిన్ని ఎప్పుడో డిలీట్ చేసింది, గుడ్ మార్నింగ్ బొమ్మలకు చోటు చాలక. చేసేదిలేక కుర్రాడు ఆ టైల్సునే మెత్తగా మసకబెట్టాడు.

ఇక పైన వేంకటేశ్వరస్వామి. నేనిచ్చిన జేపెగ్‌లో స్వామి ఫ్లెక్సీ మెరూన్ రంగు మీద తెల్లటి అట్టపెట్టెలో నిలబడ్డాడు. జేపెగ్‌కి ఖాళీ అంటే తెలియదు, అక్కడా ఏదో రంగు పూయాల్సిందే. 1996లో వచ్చిన పీఎన్‌జీ అలా కాదు. ఒక్క చుక్కా పారేయదు, ఖాళీని ఖాళీగానే ఉంచుతుంది. లోగోలకు, అక్షరాలకు, దేవుళ్ళకు అదే. ఫోటోలకు వాడితే మాత్రం ఫైలు ఏనుగంత అవుతుంది.

నెట్‌లో వెతికి, వెనక బూడిదరంగు గళ్ళున్న బొమ్మ దించాను. గళ్ళుంటే వెనక ఖాళీ అని గుర్తు, ఆమాత్రం నాకూ తెలుసు! తీరా పెడితే గళ్ళూ వచ్చి కూర్చున్నాయి. ఏ మహానుభావుడో గళ్ళతో సహా జేపెగ్ చేసి, పేరు చివర పీఎన్‌జీ అని తగిలించాడు. స్వామివారి వెనక ఎవరో గళ్ళ లుంగీ ఆరేసినట్టుంది. కుర్రాడు నావైపు చూడకుండా గంటసేపు కిరీటం నుంచి పాదాల దాకా మౌసుతో చుట్టూ కత్తిరించాడు.

ఫంక్షన్ రోజు బాబాయి ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను అరటిబోదె చాటున.

"ఒరేయ్, ముఖాన ఒక్క ముడతైనా లేదేంట్రా!"

ముడతలంటే సన్నటి వివరాలే కదా. జేపెగ్ ముందుగా చేయిచేసుకునేది వాటిమీదే.

"ఇది నాక్కూడా పంపు, డీపీ పెట్టుకుంటా."

"డాక్యుమెంటుగా పంపనా బాబాయ్?"

"అవన్నీ వద్దురా, మామూలుగానే పంపు."