బొమ్మ కింద మాట

మా రోజుల్లో బొమ్మకు మాట తోడుండేది. చందమామలో ఫోటో వ్యాఖ్యల పోటీ అని వచ్చేది. రెండు ఫోటోలు వేసి, రెంటికీ జత కుదిరేలా వ్యాఖ్యలు రాసి పంపమనేవాళ్లు. అరుగు మీద చేరి ఒకడు ఒకటంటే ఇంకొకడు ఇంకొకటి అనేవాడు. అందరికీ నచ్చిన జంటను పోస్టుకార్డు మీద రాసి మద్రాసు వడపళనికి పంపేవాళ్లం. బహుమతి సంగతి అలా ఉంచండి, ఆ ఫోటోను ఎంతసేపు చూసేవాళ్లమో! పిల్లవాడు ఎటు చూస్తున్నాడు, వెనక కనబడేది గుడా బడా, ఎండ ఏ పూటది? మాట పుట్టాలంటే అంత చూడక తప్పేది కాదు.

ఇప్పుడు వేలితో ఒక్క తోపు తోస్తే యాభై బొమ్మలు పైకి పోతాయి. ఏది ఎవరిది, ఎక్కడిది, ఎప్పటిది అని అడిగే నాథుడు లేడు. నాకు మండేది అక్కడే.

బొమ్మ చూపించి పాఠకుణ్ణి పిలవడం కొత్త విద్యేమీ కాదు. బాపు బొమ్మ కోసం పేజీ తిప్పి, కథలో పడి, అన్నం చల్లారిపోయేదాకా లేవని తరం మాది. వడ్డాది పాపయ్య ముఖచిత్రం కొట్టు ముందు వేలాడుతుంటే జేబులో డబ్బులున్నా లేకున్నా కాళ్లు ఆగేవి. అయితే ఆ బొమ్మ మూల వ.పా. అని సంతకం ఉండేది. లోపల కథ ఉండేది, కథకు రచయిత పేరుండేది. బొమ్మ గుమ్మమైతే వెనక ఇల్లుండేది. ఇప్పుడు ఎక్కడ చూసినా గుమ్మాలే.

మా మనవరాలు మా ప్రాంతపు వంటల మీద, పంటల మీద నెట్‌లో రాయడం ఈ మధ్యనే మొదలుపెట్టింది. పండుమిరప పచ్చడి మీద రాసింది చదివితే రోటి చప్పుడు వినపడుతుంది, అంత బాగా రాస్తుంది. చదివేవాళ్లు రావాలంటే పింటరెస్ట్ అనే బొమ్మల సైటులో ఫోటోలు పెట్టాలి తాతయ్యా అంది. పెట్టమన్నాను. తీరా చూస్తే కల్లంలో ఆరబోసిన ఎర్రటి మిరప, నిలువుగా తీసిన చక్కని ఫోటో. కింద ఒక్క ముక్క లేదు. కెమెరా వేసిన అంకెలే దాని పేరు. ఇదేం పద్ధతమ్మా అంటే, ఫోటోనే చెబుతుంది కదా అంది.

చెప్పదు. బొమ్మల వెతుకులాట కథే చూడండి: 2000లో ఒక సంగీత వేడుకకు జెన్నిఫర్ లోపెజ్ ఆకుపచ్చ గౌను వేసుకొస్తే, దాన్ని చూడాలని జనం గూగుల్ మీద పడ్డారు. చూపించడానికి దాని దగ్గర రాతలే ఉన్నాయి. బొమ్మల వెతుకులాటను 2001లో మొదలుపెట్టడానికి అదీ ఒక కారణం. 2010లో పింటరెస్ట్ వచ్చింది. 2017లో ఆ రెండు సంస్థలూ ఫోన్ కెమెరా ఎక్కుపెడితే చాలు, అలాంటివే వెతికి తెచ్చే లెన్స్‌లు తెచ్చాయి. రంగూ ఆకారమూ పోల్చడంలో యంత్రం గట్టిదే, కాదనను. కానీ అది చుట్టూ ఉన్న మాటలు కూడా చదువుకుంటుంది. మాట లేకపోతే మన గుంటూరు సన్నం దానికి వట్టి ఎర్రరాశి. భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న పంటకు పట్టిన గతి అది! తేజ రకమా, 334 రకమా, గుంటూరు కల్లమా, ఖమ్మం కల్లమా? ఎవరో ఆ ఫోటో తీసుకుని తమ పొడి పాకెట్టుకు అతికించుకున్నా అడగడానికి మన చేతిలో ఆధారం ఉండదు.

పచ్చడి ఫోటో దారి తప్పితే పోయేది ఒక పాఠకుడు. ఆకు ఫోటో దారి తప్పితే పోయేది పైరు.

మిరప ఆకు ముడత సంగతే చూడండి. తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, దాన్ని పై ముడత అంటాం. తెల్లనల్లి పడితే అంచులు కిందికి ముడుచుకుంటాయి, ఆకు కాడ సాగుతుంది, అది కింది ముడత. నల్లికి కొట్టే మందు వేరు, తామర పురుగుకు కొట్టే మందు వేరు. మా నాన్న ఆకు తుంచి, అరచేతిలో వెనక్కి తిప్పి, కాడ పట్టుకుని చూసి గానీ మాట్లాడేవాడు కాదు. పైనుంచి టక్కున తీసిన ఫోటోలో ఈ తేడా సగం చచ్చిపోతుంది. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మిరప చేలను ఊడ్చేసినప్పుడు చూశాను. అది ఆకు కంటే పూలలో ఎక్కువగా దాక్కునే పురుగు. మన దేశంలో మొదట 2015లో బొప్పాయి మీద కనిపించింది. ఆ సీజనంతా ఫోన్లలో ఫోటోలు ఊరూరూ తిరిగాయి. ఏ మండలం, ఏ తేదీ, అంతకు ముందు ఏ మందు కొట్టారు, ఒక్కదాని కిందా లేదు. ఎవరికి తోచింది వాళ్లు పిచికారీ చేశారు.

అలాగని ఫోన్ తీసి గట్టున పారేయమని నేననను. జర్మనీ వాళ్ల ప్లాంటిక్స్ యాప్‌ను 2017లో ఇక్రిశాట్, రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెలుగులో రైతుకు అందించాయి. ఆకు ఫోటో తీస్తే తెగులు పేరు చెబుతుంది. మంచి పనే. అందులోనూ ఫోటో వెనక పేరుంది, వివరం ఉంది, కనుకనే పనికొస్తోంది. మా కాలమంతా బంగారమనీ అనను. 1980ల్లో పురుగుమందుల కంపెనీలు ఊళ్లలో ఏ గోడనూ వదల్లేదు. గోడ మీది బొమ్మ చూసి డబ్బాలు కొన్నాం. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి దెబ్బతిని, అప్పుల పాలై రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ గోడల మీద కాయ నిగనిగలాడేది. తెల్లదోమ ఆ మందులకు లొంగడం మానేసిందన్న మాట ఏ గోడా చెప్పలేదు. 1922 నుంచీ ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారం వాళ్ల కరపత్రంలో బొమ్మ వంకరగా ఉన్నా, కింద పురుగు పేరూ, ఏ దశలో కొట్టాలో, ఎంత మోతాదో ఉండేవి. నేను అడిగేది అలాంటి బొమ్మను.

కాగితానికైనా ఇంతే. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది. అక్కడి పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. నూరేళ్ల నాటి కాగితం దగ్గరికి మనిషిని నడిపించేది ఆ కాగితం మీది తేదీ, సంపుటి, సంచిక. ఆ మూడూ లేకుండా ఉంటే అదంతా చెదలకు మేతే.

కూర్చోబెట్టి మనవరాలికి అదే చెప్పాను. ప్రతి ఫోటో కింద ఊరు, నెల, రకం, తీసిన వాళ్ల పేరు రాయి. తెలుగులో రాయి, ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాయి, ఎందుకంటే డాలస్‌లో ఉన్న పిల్ల గోంగూరను ఆ అక్షరాల్లోనే వెతుకుతుంది. పింటరెస్ట్‌లో పెట్టింది పేపరులా మర్నాటికి పాతబడదు, నెలల తర్వాత కూడా ఎవరి కంటో పడుతుందని తనే చెప్పింది. అలాంటప్పుడు ఆవకాయ ఫోటో మామిడికాయ మార్కెట్‌కు రాకముందే పెట్టాలి, ఆలస్యంగా పెడితే అప్పటికి జాడీలు నిండిపోతాయి. పత్తి గుడ్డిపువ్వు ఫోటో పెడితే, రేకులు విప్పి లోపలి గులాబీ పురుగును కూడా చూపించు, ఏ తారీఖున కనిపించిందో రాయి. మిరప ఆకు పెడితే పైవైపూ కిందివైపూ రెండూ పెట్టు.

మొన్న కల్లంలో తాలు కాయలు ఏరుతుంటే వచ్చి ఫోటో తీసుకుంది. ఒక పక్క ఎర్రగా నిలిచిన కాయ, పక్కనే తెల్లబారిన తాలు. యార్డులో తాలు ధర వేరు, ఆ తేడా మా లెక్కంతా తారుమారు చేస్తుంది. ఇది ఎందుకు తెల్లబారింది తాతయ్యా, కాయకుళ్లా, వాన తగిలిందా అని అడిగి, నేను చెప్పిందంతా అక్కడే నిలబడి రాసుకుంది.