చుక్కల ఫోటోలకు తలకిందుల సలహాలు

నీహారికల ఫోటోలు తీయాలని ఉందా? అయితే టెలిస్కోపు కొనకండి. కొనమనేవాళ్లు చాలామంది దొరుకుతారు, వినకండి. టెలిస్కోపు చుక్కను దగ్గరికి తెస్తుంది, దాంతోపాటు భూమి తిరుగుడునూ పెద్దది చేసి చూపిస్తుంది. ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. 1000 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న గొట్టానికి కెమెరా తగిలించి, చుక్కల వెంట తిరిగే మౌంట్ లేకుండా నొక్కితే, అర సెకను దాటేసరికి చుక్క గీతయిపోతుంది. పాత డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్సు, గాలికి ఊగని ట్రైపాడ్ ఉంటే మొదటి చలికాలానికి అంతకుమించి అక్కర్లేదు.

చీకటి వెతుక్కుంటూ ఊరు దాటి పోవద్దు కూడా. కెమెరాలో ఏ మీట ఎక్కడుందో చేతికి తెలియకముందే అడవికి వెళ్తే, రాత్రంతా తడుముకోవడంతోనే సరిపోతుంది. డాబా మీదయితే ఇవాళ చెడింది రేపు సరిచేసుకోవచ్చు. హైదరాబాద్ వెలుగుల్లో పాలపుంత కనబడదు, నిజమే. కానీ జనవరి రాత్రి తొమ్మిది, పది మధ్య దక్షిణాన బాగా ఎత్తులో వరసగా మూడు చుక్కలుంటాయి. వాటి కిందే ఒరాయన్ నీహారిక. సుమారు 1,300 కాంతి సంవత్సరాల అవతలున్నా నగరపు వెలుగును తట్టుకుని ఫోటోలో పడుతుంది. చలికాలమంతా దాన్నొక్కదాన్నే తీయండి. రోజుకో కొత్త వస్తువు మీదికి పోతే, నిన్నటికీ ఇవాళ్టికీ మీ పనిలో తేడా ఏమిటో మీకే అంతుపట్టదు.

ఇక ఎక్స్‌పోజర్. మసక వస్తువు కాబట్టి షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలనిపిస్తుంది. తగ్గించండి! 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే చుక్క సాగకుండా ఎన్ని సెకన్లు తీయొచ్చో తెలుస్తుంది. చిన్న సెన్సర్ కెమెరాలకు దాన్ని మళ్లీ ఒకటిన్నరతో భాగించాలి. 50 ఎంఎంకు ఆరున్నర సెకన్లు వస్తుంది, నేనైతే నాలుగే పెట్టమంటాను. అలాంటివి 400 తీసి సిరిల్‌లోనో డీప్‌స్కైస్టాకర్‌లోనో ఒకదానిపై ఒకటి పేర్చండి. ఈ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. ఫ్రేముల సంఖ్యకు వర్గమూలం ఎంతో, గరుకుదనం అన్ని రెట్లు తగ్గుతుంది. అంటే 400కు 20 రెట్లు. 1880 సెప్టెంబర్ 30న న్యూయార్క్ డాక్టరు హెన్రీ డ్రేపర్ ఇదే నీహారికను మొదటిసారి ఫోటో తీశాడు. ఒక్క ప్లేటు మీద 51 నిమిషాలు. మధ్యలో టెలిస్కోపును చుక్కల వెంట తిప్పే గడియారపు యంత్రం తడబడితే మొత్తం పోయినట్టే. మనం ఆ సమయాన్ని ముక్కలు చేసుకోగలం. విమానం అడ్డొస్తే పోయేది ఒక్క ముక్క. ఇంత గొప్ప వెసులుబాటు చేతిలో ఉండగా ఒక్క దెబ్బకే తీయాలని పంతం ఎందుకు?

లెన్సుకు మూతపెట్టి కూడా ఫోటోలు తీయండి. ఓ ముప్పై చాలు. సెన్సర్ వేడికి కొన్ని పిక్సెళ్లు వెలుతురు లేకుండానే వెలుగుతాయి. మూత పెట్టి తీసిన నల్ల ఫ్రేముల్లో అవి మాత్రమే ఉంటాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ వాటిని అసలు ఫోటోల్లోంచి తీసివేయగలదు. వీటిని అదే ఐఎస్ఓ, అదే సెకన్లతో, అదే చలిలో, డాబా దిగకముందే తీయాలి.

గురి కూడా కాస్త తప్పనివ్వండి. పది నిమిషాలకోసారి నీహారికను మళ్లీ మధ్యకు తెచ్చేటప్పుడు కచ్చితంగా పాతచోటే పెట్టకండి, కొంచెం పక్కకు జరపండి. కెమెరా మచ్చలు ప్రతిసారీ చుక్కల మధ్య వేరేచోట పడి, పేర్చినప్పుడు కలిసిపోతాయి.

ఫోకస్ దగ్గర మాత్రం వెసులుబాటు లేదు. ఆటోఫోకస్‌నూ, లెన్సు మీది అనంతం గుర్తునూ నమ్మకండి. బాగా వెలిగే సిరియస్ చుక్కను లైవ్‌వ్యూలో పదిరెట్లు పెద్దది చేసి, అది అతి చిన్న చుక్కయ్యేదాకా రింగు తిప్పి, టేపు వేసేయండి.

చివరికి కంప్యూటర్ ముందు కూర్చున్నాక ఆకాశాన్ని నల్లగా చేయకండి. వెనకభాగం నలుపయ్యిందంటే నీహారిక అంచుల్లోని పల్చటి మేఘం అందులోనే మునిగిపోయిందన్నమాట. బూడిదరంగుగా వదలండి. ఎరుపు తక్కువగా ఉందని పులమకండి కూడా. మామూలు కెమెరాలో సెన్సర్ ముందున్న ఫిల్టర్ 656 నానోమీటర్ల హైడ్రోజన్ ఎరుపును చాలావరకు ఆపేస్తుంది, అందుకే గులాబీ ఛాయ వస్తుంది. రా ఫైళ్లు ఒక్కటి కూడా చెరిపేయకండి. జూన్‌లో మబ్బులు కమ్మాక వాటినే మళ్లీ మొదటినుంచి పేర్చి చూడండి, జనవరిలో దొరకని మేఘపు అంచు అప్పుడు దొరుకుతుంది.