వాత పెట్టుకున్న నక్క

1960ల నాటి అసలు షెల్బీ కోబ్రా స్పోర్ట్స్ కారు కొనాలంటే ఆస్తులు అమ్ముకోవాలి. అందుకే అమెరికా రోడ్ల మీద తిరిగేవాటిలో నకళ్లే ఎక్కువ. ఫైబర్‌గ్లాస్ ఒళ్లు, లోపల 400 గుర్రాల వీ8 ఇంజిన్. పులిని చూసి నక్క వాత పెట్టుకుందనుకునేరు, ఈ నక్క కరుస్తుంది కూడా!

చాలావాటిలో ఎయిర్‌బ్యాగు లేదు, ఏబీఎస్ లేదు, నెత్తిన గట్టి కప్పూ లేదు. సీటు వెనక తళతళలాడే రోల్‌బార్ మాత్రం ఉంటుంది. కొన్నింట్లో అది నడిపేవాడి తలకన్నా పొట్టి. బోల్తా పడితే ముందు నేల తాకేదేమిటో వేరే చెప్పాలా?

చట్టమూ దయగలదే. 2015 నాటి చట్టం ప్రకారం చిన్న తయారీదారులు ఏటా 325 నకళ్ల దాకా అమ్ముకోవచ్చు. మామూలు కార్లకుండే క్రాష్ ప్రమాణాలు వీటికి వర్తించవు. ఆ సంగతి చెప్పే చీటీ మాత్రం కారుకు అతికించాలి.

ఇలాంటి నకలు కొన్న అయ్యగారు కార్ల మేళాలో జనానికి ఇంజిన్ గర్జన వినిపించి, బయటికొచ్చే మలుపులోనే యాక్సిలరేటర్ తొక్కుతారు. చల్లటి టైర్లు జర్రున జారతాయి. తప్పెవరిదంటే టైరుది, రోడ్డుది, అడ్డొచ్చిన చెట్టుది. కాలి పేరు మాత్రం ఎత్తరు.

బాబూ, పేవ్‌మెంటు మీద నిలబడ్డ పిల్లాడికి ఆ చీటీ కనబడదు. కాస్త ఆ కాలు తీయండి.