నౌక ఎక్కని నవగతి

‘నావిగేషన్’ అనే ఇంగ్లిషు మాట మన ‘నవగతి’లోంచే పుట్టిందట. ఆరువేల ఏళ్ల కిందట సింధు మీద పడవ నడిపినవాళ్లు దాన్ని తెల్లవాడికి అరువిచ్చారట. గుడివాడ పెళ్లిపందిళ్ల నుంచి బందరు బడి వార్షికోత్సవాల దాకా ఈ ముక్క చెప్పి చప్పట్లు కొట్టించుకునే పెద్దమనుషులకు కొదవ లేదు. వాట్సాప్ సంగతి సరేసరి.

సంస్కృతమంటే ఇంత ప్రాణం పెట్టేవాళ్లు ఒక్క సంధిసూత్రం తిరగేయరేం? నౌ, గతి కలిస్తే ‘నౌగతి’. అచ్చు పరమైతేనే ‘ఔ’ కాస్తా ‘ఆవ్’ అవుతుంది, కనుకనే నావికుడు. ‘గ’ ముందు ఆ పప్పులు ఉడకవు. ‘నవగతి’ అంటారా, కొత్త నడకో తొమ్మిది నడకలో అవుతుంది తప్ప అందులో పడవ లేదు. ఇంగ్లిషు మాటకు మూలం లాటిన్. ‘నావిస్’ అంటే ఓడ, ‘అగేరే’ అంటే తోలడం. ఆ నావిస్, మన నౌ ఒక తల్లి బిడ్డలు. అన్నను తీసుకొచ్చి తమ్ముడికి తండ్రిగా నిలబెడితే వంశం పెరుగుతుందా?

పోనీ ఓడల ఘనతే కావాలంటే సింధు దాకా ఎందుకండీ? బందరు నుంచి బస్సెక్కితే ఘంటసాల. రెండో శతాబ్దంలో భూగోళవేత్త టోలెమీ రాసుకున్న కంటకోస్సుల ఇదేనంటారు చరిత్రకారులు. శివకుడనే మహానావికుడి పేరు ఇక్కడి శాసనంలో ఉంది. రెండు తెరచాప కొయ్యల ఓడను నాణెం మీద వేయించిన శాతవాహనులూ మనవాళ్లే. అయినా వేదికల మీద శివకుడి ఊసెత్తరు. శాసనం ప్రాకృతంలో ఉండటం ఆయన చేసుకున్న పాపం కాబోలు!

అంతెందుకు, ‘బందరు’ అన్నదే పారశీకం, రేవని అర్థం. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లిషువాళ్లు 1611లో ఇక్కడ వర్తకానికి దిగారు. ఊరి పేరే పరాయి మాటైనా ఎవరికీ నామోషీ లేదు, లడ్డుకు తగిలించుకుని మరీ తింటున్నాం.

ఇక ఆ రేవు గతి. 2008లో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన, 2019లో మరొకరిది, 2023లో ఇంకొకరిది. మూడుసార్లూ కొత్త నడకే! దివిసీమలో ఎదురుమొండి జనమైతే దశాబ్దాలుగా పంటు మీదే కృష్ణ దాటారు, మోటారుసైకిళ్లతో, బస్తాలతో, పురిటినొప్పుల మనిషితో సహా.

నవగతి పండితులు ఈసారి ఉపన్యాసం పంటు మీద పెట్టుకుంటే మేలు. ఆటు వేళ అది ఏటి మధ్య ఇసుక మేటలో దిగబడిందంటే శ్రోతలు లేచిపోతారన్న బెంగ ఉండదు.