ఫైవ్ ఇన్ వన్ మాయాబజార్

కోఠి ఫుట్‌పాత్ మీదా, బెజవాడ బీసెంట్ రోడ్డులోనూ ఒకప్పుడు గొప్ప గణిత శాస్త్రజ్ఞులు పట్టాలు పరుచుకుని కూర్చునేవారు. వాళ్ల సిద్ధాంతం ఒక్కటే: ఒక డీవీడీ, ఐదు సినిమాలు. అట్ట మీద ఐదుగురు హీరోలు కత్తులూ గొడ్డళ్లూ పట్టుకుని ఇరుకు బస్సులో నిలబడ్డట్టు ఉండేవారు. కింద ‘క్లియర్ ప్రింట్, డిజిటల్ సౌండ్’ అని అభయహస్తం.

డీవీడీని కనిపెట్టినవాళ్లు, పాపం, అంత తెలివైనవాళ్లు కారు. ఖాళీ డిస్కులో 4.7 జీబీ చోటిచ్చి, బొమ్మ బాగుండాలంటే రెండు గంటలకు మించి పెట్టుకోకండన్నారు. మన సినిమా రెండున్నర గంటలు. ఐదూ కలిపితే పన్నెండున్నర. భాగించి చూస్తే సెకనుకు దక్కేది సుమారు 835 కిలోబిట్లు, అదీ మాటా పాటా ఫైటూ అన్నీ కలుపుకునే. 1993 నాటి వీసీడీ, మసకగా ఉందని మనం అటక మీద పడేసిన ఆ వీసీడీ, ఒక్క బొమ్మకే 1150 ఇచ్చేది. శబ్దానికి మరో 224. పాతదానికన్నా తక్కువ బొమ్మ కొనుక్కుని, నాలుగు సినిమాలు ఉచితంగా కొట్టేశామని ఇంటికొచ్చి మురిసిపోయాం.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. డీవీడీ ఫ్రేము 720 చుక్కల వెడల్పు, 576 చుక్కల ఎత్తు. మొత్తం నాలుగు లక్షల పైచిలుకు. ఫైవ్ ఇన్ వన్‌లో దానికి దొరికేది నాలుగు కిలోబైట్లు. వంద చుక్కలకు ఒక్క బైటు! రేషన్ షాపులో కూడా ఇంత బిగించి కొలవరు.

అసలు కుదింపు తప్పేమీ కాదు. కదలనిదాన్ని ‘ఇందాకటిలాగే’ అని రాసుకుని, కదిలినదానికి మాత్రం ఖర్చు పెట్టడం ఎంపెగ్ పద్ధతి. అరుగు మీద ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సినిమాకి అది చాలు. మన సినిమాలో అరుగెక్కడిది? సుమోలు గాల్లోకి లేస్తాయి, సీమ దుమ్ము తెర నిండా రేగుతుంది, హీరోయిన్ మీద బుట్టలకొద్దీ పూలు కురుస్తాయి. ప్రతి రేణువూ కదిలేదే, ప్రతి రేకుకూ బిట్లు కావాలి. లేకపోతే ఏమవుతుందో చూసినవాళ్లకి తెలుసు: విలన్ మొహం కాస్తా గళ్ల లుంగీ అవుతుంది.

పాత సినిమాలకు ఇంకో శిక్ష. 1957లో ‘మాయాబజార్’ నౌకావిహారానికి మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో వెన్నెల కాయించాడు. నలుపు నుంచి తెలుపు దాకా మెల్లగా విచ్చుకునే ఆ నీడలే ఈ డిస్కులో మొదట చచ్చేవి. వెన్నెల మెట్లుమెట్లుగా, నాపరాళ్లు పరిచినట్టు దిగుతుంది. మన కాపీరైట్ చట్టం కూడా 1957దే. ఒకే ఏట పుట్టిన ఇద్దరూ ఒకే డిస్కు కింద నలిగారు.

ఈ వ్యాపారానికి అసలు పెట్టుబడి మాత్రం అమ్మేవాడిది కాదు, ‘నాకేం తేడా కనిపించలేదండీ’ అనే పెద్దమనిషిది. డిస్కులు పోయినా ఆయన పోలేదు. ఇప్పుడు లక్ష పోసి ఫోర్‌కే టీవీ కొని గోడకి బిగించుకుంటాడు. 80 లక్షలు దాటిన చుక్కల ఆ తెర మీద, ఎవరో ఫోన్లో పంపిన 400 ఎంబీ సినిమా వేస్తాడు. కొత్త కుదింపు పద్ధతులు పాతవాటికన్నా గట్టివే, ఒప్పుకుంటాను. కానీ లేనిదాన్ని అవి కూడా పుట్టించలేవు. బొమ్మ అలుక్కుపోతే ఆయన సినిమాని అనడు, టీవీ మెకానిక్‌ని పిలుస్తాడు.

అలాంటి రసికుల కోసం నాదో ప్రతిపాదన. ఐదుతో ఆగడమెందుకు? ఒక్కో సినిమా నుంచి పేర్ల కార్డొకటి, ‘శుభం’ కార్డొకటి తీసి పెడితే తెలుగు సినిమా చరిత్ర మొత్తం ఒక్క డిస్కులో పట్టేస్తుంది. క్లియర్ ప్రింటే. నిలిచిన బొమ్మ కాబట్టి గళ్లు కూడా పడవు.